లక్ష దాటిన డాక్టరమ్మ

ఆరోగ్య విద్యాధికారి అంటే ఏం చేస్తాడని మా బావమరిది నన్ను ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. నిజం చెప్పాలంటే పోస్టర్లు అంటిస్తాడు. దోమల పోస్టరు, చేతులు కడుక్కునే పోస్టరు, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ పోస్టరు. మా లంకలపేట ఆసుపత్రిలో ఎక్కడైనా గోడ ఖాళీగా కనబడితే నాకు ముద్ద దిగదు. ఇన్నేళ్ళ సర్వీసులో నా పోస్టరు చదివి బాగుపడిన మనిషిని చూడలేదు గానీ, దాని కింద నిలబడి బీడీ కాల్చినవాళ్ళని చాలామందినే చూశాను. అందుచేత, పిల్లలు పోస్టర్లు వదిలేసి ఫోనులో ఆరోగ్య వీడియోలు చూస్తున్నారని ప్రభుత్వం వారు కనిపెట్టినప్పుడు నేనేమీ నొచ్చుకోలేదు. ఏదో ఒకటి చూస్తున్నారు కదా అనుకున్నాను.

కనిపెట్టిన విధానం మాత్రం చెప్పుకోవాలి. పైనుంచి ఒక సర్వే బృందం మా ఊరి జూనియర్ కాలేజీకి వచ్చింది. పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టారు. మైకు నేనే పట్టుకున్నాను.

"ఆరోగ్యం మీద వీడియోలు చూసేవారు చేతులెత్తండి" అన్నాడు బృంద నాయకుడు. హాలంతా చేతులు లేచాయి.

"రాసుకోండి. అందరూ నమ్ముచున్నారు" అన్నాడాయన పక్కనున్న అమ్మాయితో.

వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. "నమ్ముతున్నామని ఎవరన్నారండీ? చూత్తామంతేనండి. సినిమాలో హీరో వందమందిని కొడతాడు, అదీ చూత్తాం. అలాగని బయటికొచ్చి మనుషుల్ని కొట్టేత్తామేంటండీ?"

"అది వేరే శాఖ సర్వే బాబూ, కూర్చో."

ఇంకో అమ్మాయి నిలబడి, కింద కామెంట్లు చదువుతామనీ, ఎవరు డబ్బులు తీసుకుని పొడి డబ్బాలు చూపిస్తున్నారో ఇట్టే తెలిసిపోతుందనీ, తెలిశాక అందరికీ పంపించి నవ్వుకుంటామనీ చెప్పింది. నాయకుడు తన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వుకోవడానికి అందులో గడి లేదు. అంచేత ఆ అమ్మాయిని కూడా నమ్మేవాళ్ళలోనే వేసేశారు.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. "కౌమార దశయందలి బాలబాలికలు అధిక సంఖ్యాక అనుచరగణము గల వ్యక్తులను మాత్రమే విశ్వసించుచున్నారు. వైద్యులకు అట్టి గణము లేకపోవుటయే నేటి ఆరోగ్య వ్యవస్థకు పట్టిన ప్రధాన రుగ్మత." రుగ్మత తెలిశాక మందు ఎంతసేపు? నివేదిక వెనకాలే ఉత్తర్వు కూడా దిగింది. దాని పేరు కౌమార విశ్వాస మిషన్. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పదివేల మందికి తక్కువ కాకుండా ఫాలోవర్లు లేని ఏ వైద్యుడైనను, వైద్యురాలైనను పదమూడు మొదలు పంతొమ్మిదేళ్ళ వయసు వారికి ఎట్టి వైద్య సలహాయును ఇవ్వరాదు."

ఆ మిషన్‌కి మా ఆసుపత్రి తరఫున నన్ను నోడల్ అధికారిని చేశారు. ఎవరూ చెయ్యని పని ఎవరో ఒకరు చెయ్యాల్సి వస్తే ఆ ఒకరిని నోడల్ అధికారి అంటారు.

ఉత్తర్వు దెబ్బ తిన్నది ఎస్తేరు డాక్టరమ్మ. ఆవిడ ప్రతి శనివారం మధ్యాహ్నం పిల్లల కోసమే కూర్చుంటారు. చుట్టుపక్కల లంకల్నుంచి కూడా పడవ దాటి వస్తారు పిల్లలు. ఎందుకొస్తారో నాకు బాగా తెలుసు. ఆవిడ ముందు తల్లిని బయటికి పంపేస్తారు. "మీరలా చల్లగాలికి కూర్చోండమ్మా" అని తలుపు వేసి, అప్పుడు పిల్ల వైపు తిరిగి "ఇప్పుడు చెప్పు" అంటారు. విన్నది బయటికి పొక్కదు. తెలియనిది అడిగితే "నాకు తెలీదమ్మా, కనుక్కుని వచ్చే వారం చెప్తాను" అంటారు. అంత పెద్ద చదువు చదివిన మనిషి నోటి వెంట తెలీదనే మాట విన్న రోజు నాకే ముచ్చటేసింది.

ఇన్ని ఉన్నాయి గానీ ఆవిడకి ఫాలోవర్లు లేరు. ఖాతా నేనే తెరిచాను. మొదటి ఫాలోవర్ని నేను, రెండో ఫాలోవరు మా నర్సు. ఇక వీడియోలు తీద్దామని ఆవిణ్ణి చెట్టు కింద నిలబెట్టాను.

"కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి" అన్నారు కెమెరా వైపు చూసి. అయిపోయింది.

"ఇంకా ఏదైనా చెప్పండి డాక్టరమ్మ గారూ. ఏడు రోజుల్లో పొడుగు అవడం గురించో, మూడు రోజుల్లో తెలుపు అవడం గురించో."

"అవరు కదండీ."

"అవరు. కానీ అలా మొదలెడితే జనం ఆగుతారండి."

ఆవిడ ఆలోచించి, మళ్ళీ కెమెరా వైపు తిరిగి, "ఏడు రోజుల్లో ఎవరూ పొడుగు అవరు" అన్నారు. ఆ వీడియోని ఆవిడ తమ్ముడొక్కడే చూశాడు. పైనుంచి వచ్చిన శిక్షకుడొకడు విరేచనాల మీద స్టెప్పులు వెయ్యమని నేర్పబోయాడు. ఆవిడ అతని నాడి పట్టుకుని చూసి, మంచినీళ్ళిచ్చి బస్సెక్కించేశారు.

మిగతా చోట్ల మిషన్ జోరుగా సాగింది. ఎముకల డాక్టరొకాయన కట్టు కట్టిన కాలితో గెంతి పదివేలు దాటేశాడు. పక్క మండలం పశువుల డాక్టరుకి గేదెలు ఈనే వీడియోల వల్ల లెక్కలేనంతమంది ఫాలోవర్లు ఉన్నారు. ఉత్తర్వులో ఏ వైద్యుడైనను అని ఉంది గానీ ఎవరి వైద్యుడో లేదు. కాబట్టి మా ప్రాంతం పిల్లలందరికీ ఆయన్ని ఇన్‌చార్జిగా వేశారు. మనిషి మంచివాడు. వచ్చిన మొదటి పిల్లాణ్ణి నోరు తెరవమని పళ్ళు చూసి వయసు చెప్పేశాడు. సరిగ్గానే చెప్పాడు కూడా. ఆ మర్నాడే సెలవు పెట్టాడు.

అప్పుడు ఉత్తర్వుకి సవరణ వచ్చింది. అర్హులైన వైద్యులు లేని చోట, అర్హతకు సరిపడు ఫాలోవర్లున్న స్థానిక వ్యక్తిని "గౌరవ కౌమార వైద్య సలహాదారు"గా నియమించవచ్చును, వారికి సివిల్ సర్జన్‌తో సమాన హోదా కల్పించవచ్చును. మా ఊళ్ళో అర్హత గల వ్యక్తి ఒక్కతే. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే తన్మయి. 'తన్మయి తళుకు' అని మొహానికి ఏం పూసుకోవాలో, జుట్టుకి ఏం రాసుకోవాలో చెప్పే వీడియోలు చేస్తుంది. కెమెరా పట్టేది వాళ్ళమ్మ.

నియామక పత్రం నేనే పట్టుకెళ్ళాను. తన్మయి చదివి కంగారు పడిపోయింది.

"నేను ఎంపీసీ అండి బాబాయ్‌గారూ! బైపీసీ కూడా కాదు!"

"అర్హతలో గ్రూపు గురించి లేదమ్మా."

"నేను చెప్పేది కలబంద, పెరుగు, సెనగపిండి అండి. రాసుకున్నా ఎవరూ చచ్చిపోరని అవే చెప్తాను. రోగాలకి నేనేం చెప్పేదండీ?"

"సివిల్ సర్జన్ అంట, వినపడలేదా?" అంది వాళ్ళమ్మ. అప్పటికే కెమెరా ఆన్ చేసేసిందావిడ.

శనివారం వచ్చింది. డాక్టరమ్మ కుర్చీలో తన్మయి కూర్చుంది. డాక్టరమ్మ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఆవిడకి పక్కన నేను. పిల్లలు వరసగా లోపలికెళ్ళి, వెళ్ళినంత వేగంగా బయటికొచ్చేస్తున్నారు. గుమ్మంలోంచి మాటలు వినబడుతున్నాయి.

"అక్కా, మొటిమలు తగ్గట్లేదక్కా."

"నాకూ ముందు తగ్గలేదు. బెంచీ దగ్గరికెళ్ళు. నా మొహం బాగుచేసింది ఆవిడే."

"మరి వీడియోలో పెరుగన్నావ్?"

"మందు రాసుకున్నాక పెరుగు తింటానే. వెళ్ళు."

పిల్లలు బెంచీ ముందు గుమిగూడారు. డాక్టరమ్మ నోరు విప్పడానికి లేదు. గుంపులో ముందున్న అమ్మాయి మొహం నిండా ఎర్రగా పొక్కింది. నిమ్మకాయ రుద్దిందట. డాక్టరమ్మ దాని వైపు చూశారు, ఉత్తర్వు అంటించిన గోడ వైపు చూశారు. ఆ ఉత్తర్వు అంటించింది నేనే. తర్వాత మెల్లిగా నా వైపు తిరిగారు.

"నూకరాజు గారూ, మీ వయసెంతండీ?"

"యాభై దాటాయండి."

"అయితే మీకు సలహా ఇవ్వొచ్చు. చూడండి నూకరాజు గారూ, మొటిమల మీద నిమ్మకాయ రుద్దకూడదండి. చర్మం కాలిపోతుంది. గిల్లకండి. ఈ ఆయింట్‌మెంటు రాత్రిపూట పల్చగా రాసుకోండి. నెల్లాళ్ళు ఓపిక పట్టాలి."

"అలాగేనండి" అన్నాను నేను గంభీరంగా. మందు నా చేతిలో పెట్టారు. నా చేతిలోంచి అది ఎక్కడికి పోయిందో నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం నాకు చాలా జబ్బులు చేశాయి. నాకు గొంతు బొంగురుపోయింది, అది ఎదిగే వయసు కాబట్టి భయపడక్కర్లేదని తెలుసుకున్నాను. కండలు రావడానికి డబ్బాల్లో పొడి తినక్కర్లేదు, రెండు గుడ్లు తింటే చాలన్నారు. నాకు నెలసరి నొప్పి విపరీతంగా ఉందని తేలింది. "సిగ్గుపడకండి నూకరాజు గారూ, కాలేజీకి వెళ్ళలేనంత నొప్పయితే ఓర్చుకోనక్కర్లేదు, దానికి మాత్ర ఉంది" అన్నారు. వెనకాల ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఎన్నాళ్ళనించి ఓర్చుకుంటోందో అనుకుంటూ మాత్ర వెనక్కి అందించాను.

ఇలా కొన్ని వారాలు నడిచింది. పిల్లలు బాగుపడుతున్నారు, నేను మంచం పట్టాల్సినన్ని రోగాలతో హాయిగా తిరుగుతున్నాను. రిజిస్టర్లో నా పేరు అన్నిసార్లు చూసేసరికి పైవాళ్ళకి అనుమానం వచ్చిందో, మిషన్ విజయం చూడాలనిపించిందో గానీ, ఒక శనివారం జాయింట్ డైరెక్టర్ పురుషోత్తం గారు తనిఖీకి దిగారు. ఆయన నోటి నుంచి మాట కూడా ఫైల్లోంచి వచ్చినట్టే వస్తుంది.

"ఇచ్చట కౌమార బాలిక నెలసరి సమస్యలు నమోదైనవి. రోగి పేరు నూకరాజు అని యున్నది. ఎవరీ నూకరాజు?"

"నేనేనండి ఆయ్" అన్నాను.

ఆయన నన్ను మీసాల దగ్గర్నుంచి చెప్పుల దాకా చూశారు. "ఈ సమస్య ఎప్పటి నుండి?"

"మిషన్ మొదలైనప్పట్నించేనండి."

ఆయన ఏదో అనబోతుండగా లోపల కుర్చీ పడిన చప్పుడైంది. తన్మయి బల్ల మీదికి వంగిపోయి పొట్ట పట్టుకుని ఉంది. మొహం పాలిపోయింది. వాళ్ళమ్మ కెమెరా వదిలేసి పరిగెత్తింది.

"పొద్దున్నించీ బొడ్డు దగ్గర నొప్పంటోందండి. వాము నీళ్ళిచ్చాను, సలహాదారయ్యాక నేనే దానిచేత చేయించిన వీడియోలోదే. కక్కేసింది."

డాక్టరమ్మ లేచారు. పురుషోత్తం గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"డాక్టర్ గారూ, తమరికి అర్హత లేదు. బాలిక వయస్సు పదహారు. అర్హత గల వైద్యునికి వర్తమానం పంపుడు."

"అర్హత ఉన్నది పశువుల డాక్టరు గారొక్కరేనండి. ఆయన సెలవులో ఉన్నారు" అన్నాను.

"అయినచో స్థానిక సలహాదారు ఎవరు?"

"ఆ అమ్మాయేనండి."

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. అలవాటైన పద్ధతే. కానీ గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. "నూకరాజు గారూ, నొప్పి ఇప్పుడు ఎక్కడుంది? కుడి పక్కకి దిగిందా?"

నేను తన్మయి వైపు చూశాను. ఆ పిల్ల తలూపింది. "దిగిందండి" అన్నాను.

"పడుకోండి."

బెంచీ మీద పడుకున్నాను. ఆవిడ నా పొట్ట కుడివైపు కింద నొక్కి ఠక్కున చెయ్యి తీసేశారు. "తీసినప్పుడు నొప్పి ఎక్కువైందా?"

నాకు ఏ నొప్పీ లేదు. తన్మయి వైపు చూశాను. పాపం ఆ పిల్ల కూడా నా వైపే చూస్తోంది, ఏం చెప్పాలో తెలియక. నొక్కింది నా పొట్ట, నొప్పి దానిది. అప్పటిదాకా అన్ని జబ్బులూ తెచ్చుకున్నాను గానీ ఈ ఒక్కటీ తెచ్చుకోలేకపోయాను. నాకు నిజంగా భయమేసింది.

"ఇది మీ పొట్ట మీద తెలియదండీ" అన్నారు డాక్టరమ్మ. అని, నేరుగా గుమ్మం దగ్గరికి నడిచి, "తప్పుకోండి" అన్నారు పురుషోత్తం గారితో.

"తమరిని సస్పెండ్ చేయవలసి వచ్చును!"

"చేసుకోండి. ముందు తప్పుకోండి."

ఆయన తప్పుకోలేదు. అప్పుడు లోపల్నించి తన్మయి పళ్ళ బిగువున అరిచింది. "సార్! మీకు ఫాలోవర్లెంతమందండీ?"

"నాకు అట్టి ఖాతాయే లేదు. నేను బాధ్యత గల అధికారిని."

"అయితే నా ఒంటి గురించి మీరు నోరెత్తకూడదండి. నాకు పదహారేళ్ళు. మీ ఉత్తర్వే! నేను సివిల్ సర్జన్ని, నేను చెప్తున్నాను, నన్ను డాక్టరమ్మ చూడాలి!"

పురుషోత్తం గారు నోరు తెరిచి, ఉత్తర్వు గుర్తొచ్చి, మూసేశారు. జీవితంలో ఆయన నిబంధన మీరిన మనిషి కాడు. గోడవారగా జరిగి నిలబడ్డారు. డాక్టరమ్మ లోపలికెళ్ళి తన్మయి పొట్ట మీద చెయ్యి వేశారు. అర నిమిషంలో బయటికి అరిచారు, "నూకరాజు గారూ, అంబులెన్సు! అపెండిక్సు. నోట్లో చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దని వాళ్ళమ్మకి చెప్పండి!"

జిల్లా ఆసుపత్రి దాకా తన్మయి చెయ్యి పట్టుకుని కూర్చున్నారావిడ. అక్కడి సర్జన్‌కి ఫాలోవర్లెంతమందో ఎవరూ అడగలేదు. ఆయనది బటన్ల ఫోను. ఆపరేషన్ చేసి, ఇంకొంచెం ఆలస్యమైతే అపెండిక్సు పగిలిపోయేదన్నాడు.

నాలుగు రోజులకి తన్మయి ఆసుపత్రి మంచం మీంచే ఒక వీడియో పెట్టింది. మొహానికి ఏమీ పూసుకోలేదు. జుట్టు చిక్కుపడి ఉంది. "వాము నీళ్ళ వీడియో తీసేశానండి. పొట్ట నొప్పయితే ఫోను చూడకండి, డాక్టర్ని చూడండి. మా డాక్టరమ్మ ఈవిడే" అంది. పక్కన డాక్టరమ్మ సెలైన్ సీసా సరిచేస్తూ, కెమెరా ఉందని తెలియక, "కదలకే పిల్లా" అన్నారు.

ఆ 'కదలకే పిల్లా' రాష్ట్రమంతా తిరిగింది. మా చెట్టు కింద వీడియోలన్నీ తవ్వి తీశారు. ఏడు రోజుల్లో ఎవరూ పొడుగు అవరు అన్న వీడియోకి పిల్లలు పాట కట్టారు. డాక్టరమ్మ ఫాలోవర్లు పదివేలు దాటి, ఆగకుండా లక్ష కూడా దాటేశారు. సస్పెన్షన్ మాట పురుషోత్తం గారు మళ్ళీ ఎత్తలేదు. లక్ష ఫాలోవర్లున్న మనిషిని సస్పెండ్ చేసే అధికారం ఎవరిదో ఏ నిబంధనలోనూ లేదట. శనివారం డాక్టరమ్మ తన కుర్చీలో తను కూర్చున్నారు. నేను ఆరోగ్యవంతుణ్ణయ్యాను.

సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. పైనుంచి ఇంకో ఉత్తర్వు దిగింది. "లక్షకు మించి ఫాలోవర్లు గల వైద్యులను రాజధానికి డెప్యుటేషన్‌పై రప్పించి, పూర్తికాలము వీడియోల నిర్మాణమునందు వినియోగించవలెను. ఇంతటి ప్రతిభను రోగుల మీద వృథా చేయరాదు." శుక్రవారం సాయంత్రం అయిదింటికి లెక్క చూస్తారట. డాక్టరమ్మ ఆ కాగితం చదివి మడిచి బల్ల మీద పెట్టారు. "ఈ శనివారం పిల్లలకేం చెప్తారండీ?" అని మాత్రం అడిగారు నన్ను.

సంగతి ఎవరు చెప్పారో తెలియదు. నేనే చెప్పానని నర్సు అంటుంది, అననీండి. ఆ రాత్రికే తన్మయి ఇంకో వీడియో పెట్టింది. "మా డాక్టరమ్మని మీరందరూ ఇష్టపడ్డారు కదా. అయితే దయచేసి వదిలెయ్యండి. లక్ష దాటకూడదు. కానీ పదివేలకి దిగిపోకూడదు, అప్పుడు మమ్మల్ని చూడనివ్వరు. పేరు 'అ' నుంచి 'మ' దాకా ఉన్నవాళ్ళు దిగండి, మిగతావాళ్ళు కదలకండి."

పెద్దవాళ్ళయితే దీని మీద నాలుగు సమావేశాలు పెట్టుకుని ఉండేవాళ్ళు. పిల్లలు ఎందుకని కూడా అడగలేదు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళ పిల్లలు, ఆ చేత్తోనే చేరి ఆ చేత్తోనే దిగిపోవడం మొదలెట్టారు. నోడల్ అధికారిని కాబట్టి ఆ అంకె తగ్గుతుంటే నేను ఆందోళన చెందాలి. నేను టీ తెప్పించుకుని తాగుతూ చూశాను.

అయితే దిగేవాళ్ళు దిగుతుంటే, వీడియో చూసి కొత్తగా ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. శుక్రవారం మధ్యాహ్నానికి అంకె లక్ష చుట్టూ ఊగిసలాడుతోంది. తన్మయీ, పదిమంది పిల్లలూ వరండాలో నా చుట్టూ చేరి ఫోనులోకి తలలు దూర్చారు. అయిదు కావస్తుండగా అంకె ఒక చోట ఆగింది. లక్షా ఒకటి.

"ఒక్కటే! ఎవరర్రా ఇంకా దిగనిది?"

"నేను దిగాను."

"నేనూ దిగానే."

తన్మయి మెల్లిగా తలెత్తి నా వైపు చూసింది. మిగతావాళ్ళూ చూశారు.

"నేను నోడల్ అధికారినమ్మా. ఆవిడ మొదటి ఫాలోవర్ని. ఫాలో అవడం నా డ్యూటీ."

గోడ మీద గడియారం వైపు చూశాను. లోపల డాక్టరమ్మ ఎవరో కుర్రాడికి ఏదో చెబుతున్నారు, వాడు నవ్వుతున్నాడు. నేను జేబులోంచి ఫోను తీశాను. ఆవిడ పేరు మీద నొక్కాను. నిజంగానే వదిలేస్తారా అని ఫోను ఒకసారి అడిగింది. అవునన్నాను, అంకె సరిగ్గా లక్షయింది. ఉత్తర్వులకి విరుద్ధంగా నా సర్వీసులో నేను చేసిన మొదటి పని అదే.

పిల్లల కేకలకి డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చారు. "ఏమైందర్రా?"

"అందరూ మిమ్మల్ని వదిలేసి పోయారండి" అన్నాను. ఫోను ఆవిడ వైపు తిప్పాను. "నేను కూడానండి."

ఆవిడ నా చేతిలో ఫోను వైపు చూశారు. ఎక్కడివాళ్ళక్కడ గంతులేస్తున్న పిల్లల వైపు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మంచి పని చేశారు" అన్నారు. "రేపు శనివారం. బెంచీలు కడిగించండి."